సరి బేసి

పొగతోటలో బండి పెట్టడం
ఏ డ్రైవింగ్ స్కూలూ నేర్పదు.
పదకొండేళ్లుగా మందుల బ్యాగు తగిలించుకుని
డాక్టర్ల గుమ్మాల ముందు నిలబడే నాకు
కొంత చెంగమ్మ నేర్పింది,
మిగతాది పోలీసు లారీ కొక్కెం.

బేసి తేదీన పడమటి పక్క.
సరి తేదీన తూర్పు పక్క.
స్కాన్ సెంటరు ర్యాంపుకి అడ్డం పెట్టకూడదు,
స్ట్రెచర్ దిగే దారి అది.
మందుల షాపు షట్టరు ముందు పెడితే
ఎవరూ ఏమీ అనరు,
సాయంత్రానికి టైర్లో గాలి మాత్రం ఉండదు.

ఎండల్లో సైడు స్టాండుని నమ్మొద్దు.
రోహిణికార్తెకి తారు పాకమై
ఇనుప కాలు అంగుళం అంగుళం దిగబడుతుంది.
ఒక బండి ఒరిగిందా, వరసలో పదమూడు ఒరుగుతాయి,
పదమూడు అద్దాల డబ్బులూ చెంగమ్మనే అడుగుతారు.
అందుకే ఆమె దగ్గర
పగిలిన టైల్సు ముక్కల గోతాం.
వంగి, ఒక్కో స్టాండు కిందా ఒక్కో ముక్క.

"హ్యాండిల్ లాకు ఎయ్యమాక నాయనా,
నేను జరుపుకోవద్దా?"
రోజుకి నలభైసార్లు అదే మాట.
అయినా లాకు వేసుకునే పోతారు, తీరిక ఉన్నవాళ్లు.
తీరిక లేనివాళ్లు
తాళం బండికే వదిలి పరిగెడతారు.

మే ఇరవై మూడు రాత్రి
అట్లా వదిలేసిన బండి ఒకటి.
పొదలకూరు వైపు ఎర్రమట్టి చక్రాలకి,
పక్కన నిమ్మకాయల సంచి,
ఇండికేటరు ఇంకా కొట్టుకుంటానే ఉంది.
ముగ్గురొచ్చారంట, నడిమి మనిషికి మెడ నిలవలేదంట.
చెంగమ్మ ఇండికేటరు ఆపి
తాళం కొంగున ముడేసుకుంది.

తెల్లారితే ఇరవై నాలుగు.
తూర్పు పక్కకి తోసింది.
ఇరవై అయిదు, పడమటికి.
ఇరవై ఆరు, తూర్పుకి.
ఆటోల మధ్యన, అంబులెన్సుకి ఆగి,
నడుం మీద ఒక చెయ్యి వేసుకుని.
"ఎత్తకపోనీ, నీకెందుకమ్మా?" అన్నాను.
"లోపల మనిషిని చూసుకుంటాడా,
స్టేషనుకి పొయ్యి బండి కాగితాలు చూపిచ్చుకుంటాడా?"
అని నా స్టాండు కింద ముక్క పెట్టింది.

ముప్పై ఒకటి బేసి.
ఆ మర్నాడు ఒకటి, అదీ బేసే.
క్యాలెండరు చేసిన వాడెవడో గానీ
చెంగమ్మకి ఒక పూట సెలవిచ్చాడు.
ఆ రోజు బండి కదల్లేదు.

ఆ రోజే వచ్చాడు.
గడ్డం మాసి, చెప్పులు రెండూ రెండు రకాలు.
బండిని చూసి నిలబడిపోయి
"పెట్టిన కాడే ఉండాదే!" అన్నాడు.
ఎనిమిదిసార్లు వీధి దాటిన బండి
ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

చెంగమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.
"పది దినాలు. వంద.
మూడు నిమ్మకాయలు సోడాలో పిండుకున్నా,
పది పట్టేసుకో. తొంభై ఇయ్యి."
తోసినందుకు పద్దు లేదు. ఆ మాటే ఎత్తలేదు.

అతను గుడ్డ తీసి సీటు తుడవడం మొదలెట్టాడు.
నేను బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాను.
చెంగమ్మ చీటీల పుస్తకం తిప్పుతోంది,
చీటీ మాత్రం చింపడం లేదు.
ముందు సీటు తుడిచాడు.
గుడ్డ దులిపాడు.
వెనక సీటు కూడా తుడిచాడు.
రెండు పక్కలా వెనక ఫుట్‌రెస్టులు
కాలితో కిందికి దించాడు.

అప్పుడు చింపింది చీటీ.

మర్నాడు రెండో తేదీ.
ఏదో ఆలోచిస్తూ పడమటి పక్కనే ఆపాను.
"యాడ జూస్తుండావయ్యా?
తేదీ తెలీకుండానే మందులమ్ముతుండావా?"
వీధంతా వినపడేట్టు తిట్టింది.
బండి దిగి
ఈసారి నేనే తోసుకుపోయాను అవతలికి.