అనుమతి లేకుండా

కొనేవాళ్ళ వకీలు నించి
పందొమ్మిది ప్రశ్నలొచ్చాయి.
పదహారింటికి కూర్చున్నచోటే జవాబు రాశాను:
కప్పు ఎప్పుడు నేయించారు, బాయిలరు వయసెంత,
ఏరు పొంగినప్పుడు నీళ్ళెక్కడి దాకా వచ్చాయి.
మూడో మెట్టు దాకా.
ఎనిడ్ అత్త గోడ మీద పెన్సిలుతో గీత గీసి
పక్కన "ఇక చాలు" అని రాసిపెట్టింది.

పదిహేడోది దారి గురించి.

టాడ్‌మోర్డెన్‌లో ఆ వరసలో చివరి నించి రెండో ఇల్లు.
పెరటి తలుపు తీస్తే ఐదడుగుల రాతి పలకలు,
అవి పక్కింటి ఆర్నల్డ్ సగ్డెన్‌వి.
అవి దాటితే సందు, సందు దాటితే కాలువ గట్టు.
బొగ్గు బస్తా అటే వచ్చింది, పియానో అటే పోయింది.
మొన్న ఫిబ్రవరిలో
పెట్టె ముందు గుమ్మం మలుపు తిరక్క
అత్త కూడా అటే వెళ్ళింది.

దస్తావేజులో ఆ ఐదడుగుల ఊసే లేదు.
ముప్పై ఒకటిలో రాసిన గుమస్తాకి
దస్తూరీ ముత్యాలు, జ్ఞాపకం జల్లెడ.

మా వకీలు రుఖ్సానా మీర్
ఫోన్లో ఓపిగ్గా చెప్పింది:
ఇరవై ఏళ్ళు నడిచి ఉంటే చాలు, దారి మీదే.
కానీ దౌర్జన్యంగా నడిచి ఉండకూడదు.
చాటుగా నడిచి ఉండకూడదు.
అనుమతి తీసుకుని నడిచి ఉండకూడదు.

మూడోది మళ్ళీ చెప్పించుకున్నాను.

"అవునండీ. ఆవిడ అడక్కుండా నడిచి
ఆయన చూస్తూ ఊరుకుంటే, అది హక్కు.
ఆవిడ అడిగి, ఆయన సరేనంటే, అది దయ.
దయని రిజిస్టరులో ఎక్కించుకోరు."

నేను బళ్ళో వంట చేసేదాన్ని.
మూడొందల మంది పిల్లలకి రోజూ నేర్పాను,
అడిగి తీసుకోమని.

బిస్కెట్ల డబ్బాలో కార్డు దొరికింది.
డెబ్బై నాలుగు, అత్త ఇల్లు కొన్న ఏడు.
"దీనికి అడగాలా ఎనిడ్? నీకెప్పుడు కావాలంటే అప్పుడు నడువు. ఆర్నల్డ్."
యాభై ఏళ్ళ అడుగుల్ని
ఒక్క మంచిమాట తుడిచేసింది.

రుఖ్సానా కాసేపు మాట్లాడలేదు.
అయితే ప్రమాణపత్రం కుదరదు, అంది.
బీమా ఉంది, నూట నలభై పౌన్లు, ఒక్కసారి కడితే చాలు.
ఈ కార్డు సంగతి వాళ్ళకి చెప్పాలి, ఒప్పుకుంటారో లేదో.
ఇంకొకటి:
పక్కింటాయనతో దారి మాట ఎత్తకూడదు.
ఎత్తారా, పాలసీ చెల్లదు.

తొమ్మిది రోజులు
గోడకి అటూ ఇటూ వానని గురించే మాట్లాడుకున్నాం.
టాడ్‌మోర్డెన్‌లో దానికి కరువు లేదు.

పదో రోజు ఆయనే కర్ర పోటేసుకుంటూ వచ్చాడు.
"అమ్ముతున్నావటగా. దారి గురించి అడగలేదా వాళ్ళు?"

నేను నోరు తెరవలేదు.
నూట నలభై పౌన్లు మా ఇద్దరి మధ్యా
పలకల మీద తడుస్తూ నిలబడ్డాయి.

"ఒకే ఒక్కసారి అడిగింది మీ అత్త.
ఆ తర్వాత నేను అడిగించుకోలేదు.
హాలిఫాక్స్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ కదా,
ఆరింటికి దిగేది బస్సు.
మంచు పడితే అయిదింటికే లేచి ఉప్పు చల్లేవాణ్ణి.
నా తలుపు ఇటు లేదు, చూశావుగా.
ఈ పలకలతో నాకేం పని?"

చూశాను. యాభై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాను.
ఆయన తలుపు అటు వైపుంది.

"కాగితమేదో ఉంటుందిట, రాసి ఇచ్చేది. తెమ్మను.
చెయ్యి ఇంకా నా మాట వింటోంది."

టీ పెట్టాను. రెండు చెంచాల చక్కెర, తనే వేసుకున్నాడు.
కార్డు చూపించాలా వద్దా అనుకుంటూనే
మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.
అది ఇంటితో పాటు అమ్మేది కాదు.

పదిహేడుకి జవాబు:
అడిగాం. సరేనన్నారు.
గడి చాల్లేదు, వేరే కాగితం జతచేశాను.

పద్దెనిమిది:
కర్టెన్లు వదిలి వెళతారా?