కొమ్ము పని

ఏడేళ్ల కిందట విశాఖలో
ఇరవై ఐదు రోజులు ఆ యంత్రం కింద పడుకున్నాను.
నొప్పి లేదు, వెలుగైనా కనబడలేదు.
అయిపోయిందమ్మా, ఇంటికెళ్లు అన్నారు.
అయిపోయిందనే పర్లాకిమిడి వచ్చాను.

ఆ సంగతి సెగకి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

మూడో ఏడు దాటాక మొదలైంది,
పాతపట్నం బస్సులో.
కడుపులో ఎవరో తలుపు తట్టినట్టు కాదు,
తలుపు తోసుకుని వచ్చేసినట్టు.
కండక్టరుకి చెప్పడానికి నాకు రెండు భాషలొచ్చు,
రెండింట్లోనూ ఆ మాటకి మర్యాద లేదు.
దిగిపోయి, కొంగు నడుముకి చుట్టుకుని
ఎండలో వెనక్కి నడిచాను.

ఆ ఏడంతా పెళ్లిళ్లు లేవు, పేరంటాలు లేవు.
ఊళ్లో ఏ గడియ ఎక్కడ పడుతుందో
నా కాళ్లకి కంఠతా వచ్చింది.
బస్టాండు వెనక ఐదు రూపాయలు,
చిల్లర లేకపోతే ముసలాయన రేపిమ్మంటాడు.
కోర్టు దగ్గరదానికి ఎప్పుడూ తాళమే,
తాళం చెవి పాన్‌షాపు కుర్రాడి దగ్గర.
మినతి నాని ఇల్లయితే ఏ వేళైనా సరే.
ఆవిడ ఏమీ అడగదు,
బకెట్టు నిండుగా ఉంచుతుంది.

ఆకుకూరలు మానేశాను. పప్పు పలచన చేశాను.
నేను చద్దన్నం అంటాను, నాని పఖాళ అంటుంది,
కడుపు ఏ పేరుకైనా కాస్త సద్దుమణుగుతుంది.

రెండో సంగతి నానికి చెప్పలేదు.
కూర్మారావుకీ చెప్పలేదు,
అతనికి తెలియాల్సిందే అయినా.
డాక్టరమ్మ నున్నటి కడ్డీలు నాలుగు ఇచ్చింది,
చిటికెన వేలంతది మొదలుకుని.
వారానికి మూడుసార్లు, నూనె రాసి, పది నిమిషాలు,
లేకపోతే దారి మూసుకుపోతుందంది.
దారి.
ఎంత మంచి మాట దొరికింది ఆవిడకి!
పాత పౌడరు డబ్బాలో దాచాను.
రాత్రిళ్లు గోడవైపు తిరిగి పడుకున్నాను.
అతను వసారాలో బల్బు వేసుకుని
కొంగబొమ్మ మెడ నునుపు చేస్తూ కూచునేవాడు.
రెండేళ్లు మా మధ్య మాటలంటే
ఆ ఆకురాయి చప్పుడే.

ఒక వేసవి రాత్రి, ఉక్కకి పౌడరు వెతుక్కుంటూ
డబ్బా తెరిచాడు.
ఒక కడ్డీ తీసి వేళ్ల మధ్య తిప్పాడు,
అంచులు చూశాడు, పనివాడు చూసినట్టు.
నేను చెప్పాను, ముక్కలు ముక్కలుగా.
చీటీ మీది ఇంగ్లీషు మాట కూడా చెప్పాను, ఫైబ్రోసిస్ అని.
ఏమీ అనలేదు.
కాసేపటికి కుంపటి రాజేసి
గేదె కొమ్మొకటి తెచ్చి పక్కన కూచోమన్నాడు.

"ఇదీ తోలు జాతిదే.
సెగ ఎక్కువైతే ముదిరిపోతాది, పెళుసైపోతాది.
బలవంతంగా వంచేవా, టప్పుమంతాది.
అలగని పారేస్తామేటి?
కొబ్బరి నూనె పట్టిస్తాం, సన్నసెగ సూపిస్తాం,
మళ్లీ నూనె, మళ్లీ రేపు.
అది వంగుతానన్నంత మేరే వంచుతాం.
కొన్ని కొంగలవ్వవు, దువ్వెనలవుతాయి.
దువ్వెన తక్కువదేటి?"

నవ్వొచ్చింది.
నవ్వితే పరుగెత్తాల్సొచ్చింది.
నేను తిరిగొచ్చేదాకా
అతను ఆరిపోతున్న బొగ్గుల్ని ఊదుతూనే ఉన్నాడు.

ఇప్పుడు మంగళ, గురు, ఆదివారాలు
నేను తలుపు వేసుకుంటాను.
ఆ పది నిమిషాలూ వసారాలో ఆకురాయి ఆగదు,
బయట ఎవరూ ఎదురుచూడటం లేదని
నాకు తెలియాలని కాబోలు.

ఎర్రగా కనబడే నెలలు ఇంకా ఉన్నాయి.
అప్పుడు విశాఖ బండి, టాయిలెట్టు పక్క సీటు.
అతనే అడిగి మరీ తీసుకుంటాడు,
నన్ను అటు చివర కూచోబెట్టి
తను కిటికీ పక్కన నిద్రపోతాడు.
నిజంగా నిద్రపోతాడు, గురక కూడా.
నాకు కోపం వస్తుంది.
తుంటి ఎముక సలుపుతుంది.
కొన్ని రోజులు ఈ ఒళ్లు ఎవరికైనా ఇచ్చేద్దామనిపిస్తుంది,
ఎవరు తీసుకుంటారు?

నిన్న రాత్రి అతని చెయ్యి
నా నడుం మీదికొచ్చి ఆగింది,
అరచేతినిండా కొమ్ముపొడి, గరుకు.
"ఏ మేరకి?" అన్నాడు.
"ఇంతే" అన్నాను.

ఆ ఇంతేలోనే
ఇద్దరం సర్దుకుని పడుకున్నాం.