ఆఖరి పాట బాకీ

హనుమకొండ చౌరస్తాల, కుట్టుమిషన్ల దుకాణం మీద,
పదమూడు మెట్లెక్కితే ఓదెలన్న రికార్డింగు సెంటరు.
జనం చిట్టీల మీద పాటలు రాసుకొస్తే
మేము అరవై నిమిషాల క్యాసెట్ల నింపిస్తుంటిమి.
ఏ పాట యాడుండాల్నో చిట్టీల ఉండదు,
అది ఓదెలన్న చెప్పాలె.

"మొదటి పాటంటే చుట్టం గాదుర పోరడా,
చుట్టం కంటె ముందు ఉరికొచ్చే కుక్క.
ఎవరొస్తున్నరో చెప్పదు,
ఎవరో వస్తున్నరని చెప్తది."
టేపు మొదట్ల ఆరు సెకన్లు తెల్లముక్క,
దాని మీద ఏ చప్పుడూ ఎక్కదు.
ఆ ఆరు సెకన్లు గూడ పాటలనే లెక్కగట్టేటోడు.
డప్పుతోని షురువయ్యేది మొదట పెడితే
"పండుకున్నోని మొఖం మీద నీళ్లు సల్లుతవా" అని కోపం.

మరి ఆఖరు పాట?
దానికి ఆయన కాడ మాట లేకుండె.
లేచి కిటికీ కాడికి వోయి
పరకాల బస్సు మలుపు తిరిగేదాక చూసి
బస్సు పోయినంక, దాని హారను ఇంకా ఇనబడుతుంటే
"గట్ల" అన్నడు.

భూపాలపల్లి బొగ్గుబాయిల పనిజేసే రాజవీరు
పద్నాలుగు పాటలు రాసుకొచ్చిన దినం
ఓదెలన్న ములుగుల పెండ్లికి వోయిండు.
నేనే నింపిన. లెక్క తప్పిన.
ఆఖరు పాట నాలుగు నిమిషాలు,
మిగిలిన టేపు మూడున్నర.
"మళ్ల వా"
టక్.

తెల్లారి ఓదెలన్న నన్నేమనలే.
ఉద్దెర బుక్కుల రాసుకున్నడు:
రాజవీరు, ఆఖరు పాట సగం, బాకీ.

ఏడాదిన్నరకు మెట్లెక్కి వచ్చిండు రాజవీరు.
చేతిల అదే క్యాసెట్, టేపంత పేగుల్లెక్క బయట.
తిడ్తడేమో అని నేను లేబుళ్ల దిక్కు తిరిగిన.

"మొదటి షిఫ్టుకు ఐదింటికి లేస్తనన్న.
చాయ్ పెట్టుకుంట రెండో దిక్కు ఏస్త.
మళ్ల వా అని ఆగంగనే డబ్బ అందుకుంట.
బాయిల దిగినంక ఎనిమిది గంటలు
ఆ వా నోట్లనే ఉంటది.
ఒకనాడు వాన.
నీళ్లూరే జాగల పనిపడితే వాగు.
ఒకనాడు మా అక్క ఊడ్చిన వాకిలి.
కప్పు పెళ్లలు రాలిన దినం ఏ మాటా రాలే,
ఉత్త వా అనుకుంటనే మీదికొచ్చిన.
మొన్న చిట్యాలల పెండ్లికి వోతే
మైకుల ఆ పాట పెట్టిండ్రు, పూర్తిగ.
అండ్ల ఉన్నది 'వాడు' అట.
వాడు వస్తడట, చెయ్యి పడ్తడట, అయిపాయెనట.
ఇస్తరి ముందట కూసోని
గింతేనా అనుకున్న."

ముక్కు తుడుసుకోని అన్నడు:
"గట్లనే తెంపియ్యి. ఎక్కువ తక్కువ గావొద్దు."

ఓదెలన్న చేతిగడియారం ఇప్పి బల్ల మీద పెట్టిండు.
మొదటిసారి "మళ్ల" కాడ తెంపిండు.
రెండోసారి "వాడు" మొత్తం పడ్డది.
మూడోసారి సరిగ్గ "వా".
రాజవీరు ఇన్నడు, తల అడ్డంగ ఊపిండు.
"ఇది నువ్వు తెంపినట్టున్నది.
అది దానంతటదే తెగింది."

అప్పుడు ఓదెలన్న నా దిక్కు చూసిండు.
"మొదటి నుంచి పెట్టు. గడియారం జూడకు."
కొత్త టేపు, పద్నాలుగు పాటలు, గంట సేపు.
కింద మిషన్లు కుడుతున్నయ్.
రాజవీరు రెండు చాయ్‌లు తెప్పిచ్చి మూడు చేసిండు.
ఆఖరు పాట కాడ ఎవ్వలం మాట్లాడలే.

"మ"
టక్.

ఈ టేపు కొంచెం పొట్టిది గావచ్చు.
నాకు చెమట వట్టింది.
రాజవీరు కింది పెదవి మడిచి
మ, అన్నడు. ఇంకోసారి, మ.
పైసలు బల్ల మీద పెట్టి, చిల్లర అడగక
మెట్లు దిగవట్టిండు.
ఎనిమిదో మెట్టు మీద నిలబడి "మబ్బు" అన్నడు.
కాదన్నట్టు తలూపి
మళ్ల దిగిండు.