రెండు బెల్లులు

మొదట ఎడమ కన్నే అదిరింది.
ఆడదానికి ఎడమ మంచిదేలే, అనింది నాగవేణక్క.
ఇంక్రిమెంటు వస్తాదేమో అనుకున్నా.
వారానికి కుడిదీ కలిసింది.
రెండూ ఒక్కసారే అదిరితే ఏమయితాదో
ఏ పంచాంగంలోనూ రాయలేదు.

ఆదోని డిపో, కర్నూలు సర్వీసు.
మిషన్లో గోనెగండ్ల టిక్కెట్టు కొట్టేలోపు
రెప్పలు అంగడి షట్టర్ల మాదిరి దిగిపోయేవి.
నేను మూయలేదు,
అవే మూసుకున్నాయి.
ఈ మాట నమ్మినోళ్ళు తక్కువ.

ఎమ్మిగనూరులో ఎక్కిన మగ్గం పిల్లోడు
చిల్లర తీసుకుంటా
"ఏందక్కా, నాకు కన్ను కొడతాండావ్?" అన్నాడు.
బస్సంతా నవ్వింది.
నేనూ నవ్వబోయినా, దవడ ఒప్పుకోలేదు.
కిందిపళ్ళు పైపళ్ళను
అప్పిచ్చినోడు చొక్కా పట్టుకున్నట్టు పట్టుకున్నాయి.

'విధుల్లో నిద్ర' అని మెమో ఇచ్చినారు.
సంజాయిషీ రాద్దామని కూచుంటే
కాగితం కనపడితే కదా.

కండ్ల డాక్టరు చుక్కలు రాసినాడు.
పళ్ళ డాక్టరు రెండు దవడపళ్ళు పీకినాడు,
పీకినాక దవడ ఆ ఖాళీనే కొరికేది.
దర్గాలో తాయెత్తు కట్టించుకున్నా.
మా తమ్ముడు మాత్రం,
"నువ్వు ఊరికే మనసులో పెట్టుకుంటావ్ ఉరుకుందక్కా" అని
ఫోను పెట్టేసినాడు.

కనిపెట్టినోడు డ్రైవరు హుసేన్ పీరా.
అద్దంలో నుంచి చూసి చూసి ఒకనాడు,
"కేకేసేటప్పుడు నీ కండ్లు బాగుంటాయి కదక్కా" అన్నాడు.
నిజమే.
కోడుమూర్, కోడుమూర్ అంటే రెప్పలు లేచేవి,
నోరు మూస్తే కండ్లూ మూతే.
ఇంకేముంది, కోడుమూరు లేని చోట కూడా
కోడుమూర్ అని అరిచినా.
కోళ్ళబుట్టతో ఒక ముసలాయన
నడి చేలల్లో దిగిపోయినాడు పాపం.
హోల్డాన్ చెప్పి, వెనక్కి పరిగెత్తి,
బుట్ట నేనే మోసి ఎక్కించుకున్నా.

కర్నూలు పెద్దాసుపత్రి, నరాల ఓపీ.
చిన్న వయసు డాక్టరమ్మ.
"అది ఆగాలంటే నువ్వేం చేస్తావమ్మా?"
అంతవరకూ ఒక్కరూ అడగలేదు ఆ మాట.
నిలబడి గట్టిగా కేకేసినా:
ఎమ్మిగనూర్! గోనెగండ్ల! కోడుమూర్! కర్నూల్!
గుమ్మం కాడ ఒకాయన సంచి తీసుకొని లేచినాడు.
డాక్టరమ్మ నవ్వలేదు, రాసుకుంది.

మెదడు అడుగున, కదలికలకు బెల్లు కొట్టే తావు ఒకటుందంట.
ఒక బెల్లు ఆగు, రెండు బెల్లులు పో.
నాకు అక్కడ ఎవరూ లాగకుండానే
తాడు మోగుతాందంట.
ఎందుకు మేడం?
కొందరికి రక్తంలోనే వస్తాది,
కొందరికి ఏండ్లు మింగిన మాత్రలతో వస్తాది.
నా సంచిలో వాంతుల బిళ్ళలు తీసి చూసి
ఆరేండ్ల నుంచా, అని
వాటిని పక్కన పెట్టించింది.
"వీటివల్లేనని గట్టిగా చెప్పలేను. చానామందిలో ఎందుకో మాకే తెలీదు" అనింది.
తెలీదు అని చెప్పిన మొదటి డాక్టరు.
నాకు అప్పుడు ధైర్యమొచ్చింది.

సూదులు రెప్పల చుట్టూరా, దవడ కండలో.
"ఇది విషమేనమ్మా,
చెడిన తిండిలో పుట్టే పురుగు విషం,
చుక్కలో వెయ్యో వంతు. కండకు పొగరు తగ్గిస్తాది."
రెండునాళ్ళు ఒక రెప్ప వాలి
తాగినదాని మాదిరి తిరిగినా.

ఆరో దినం, లద్దగిరి దాటినాక
హుసేన్ పీరా అద్దంలో చూసి
"ఏమక్కా, గొంతు పోయిందా?" అన్నాడు.
పదిమైళ్ళు నోరు తెరవలేదు నేను.
కంపచెట్లకు తగులుకున్న పత్తి చూస్తాండా,
లారీల మీద నుంచి ఎగిరింది,
ఎంత దూరమో అట్లనే, తెల్లగా.

మెమోకు జవాబు రాసినా:
నిద్ర కాదు సార్. జబ్బు. దానికొక పేరుంది.

నయం కాలేదు. మూడునెలల పాసు, అంతే.
మళ్ళీ రెన్యువల్, మళ్ళీ క్యూ, మళ్ళీ సూది.
తారీఖు పాత టిక్కెట్టు వెనక రాసి
రూపాయల సంచిలో పెట్టుకున్నా.

ఇప్పుడు పదకొండో వారం.
ఎడమ రెప్ప కొంచెం కొంచెం గుంజుతాంది.
కోడుమూరు ఇంకా రాలేదు.
పక్కసీటు ఆమెకు కూడా వినపడకుండా
కోడుమూర్ అంటాండా,
కోడుమూర్.