మూడో మలుపు దగ్గర

ఉదయగిరి దుర్గం కింద
తెల్లారకముందే పార భుజానేసుకుని కొండెక్కేవాణ్ణి
ఎవరూ మంచివాడనుకోరు.
మొదటి ఆదివారమే బీటు గార్డు ఆపాడు.
ఎర్రచందనమా అన్నాడు, సంచీ విప్పమన్నాడు.
రెండు మరమరాల పొట్లాలు, ఒక టేపు, పిడికెడు గూటాలు.
అయితే నిధా అన్నాడు,
ఈసారి గొంతు తగ్గించి, కాస్త ఆశగా.

సైకిల్ దోవ సార్, అన్నాను.
కొండ మీద సైకిలేందయ్యా అని నవ్వాడు.
నాకూ నవ్వొచ్చింది.
ముప్ఫై ఏళ్ళుగా పంచర్లేసే చెయ్యి నాది,
తొక్కడానికి మోకాలు ఒప్పుకోదు.
అనుమతి కాగితం చేతికొచ్చేసరికి
ఏడు నెలలు, పదకొండు సంతకాలు.

ఐదుగురం.
చెక్క చెంచాలు చేసే గౌస్‌బాషా
కర్ర పొర ఎటు పోతే ఉలి అటే పోవాలంటాడు,
నేలక్కూడా పొర ఉంటుందని వాడి నమ్మకం.
పోస్టాఫీసు వెంగయ్య. డిగ్రీ రెండో ఏడు ఫర్జానా.
సీతారామపురం బస్సు దిగి
ఒక్క మాటా లేకుండా రాళ్ళు మోసే అంకయ్య.

మొదట తిన్నగా వేశాం,
పైనుంచి కిందికి, గీత గీసినట్టు.
ఫర్జానా ఎక్కింది, చిటికెలో కిందుంది,
చప్పట్లు కొట్టాం.

డిసెంబరులో సముద్రానికి మేం గుర్తొచ్చాం.
ఒక్క రాత్రి.
పొద్దున చూస్తే దోవ లేదు, వాగుంది,
మోకాటి లోతు, ఎర్రగా, ఒలిచిన తోలులాగా.
మా నాలుగు నెలల చెమట కింద పొలంలో
ఇసుక మేటయి పడుకుంది.
రైతు తిట్టాడు. సగం తిట్లు న్యాయమే.

మేకలు తోలుకుంటూ చెంగమ్మ వచ్చింది.
కర్ర గడ్డం కింద పెట్టుకుని చాలాసేపు చూసింది.
"నీళ్ళు పొయ్యే దోవలో మీరు పోతామంటే
నీళ్ళూరుకుంటాయా అబ్బయ్యా?
ఈ మేకని చూడండి, నిండు చూలుది,
కొండని ఎప్పుడన్నా నిటారుగా ఎక్కిందా?"

ఆ మేక వెనక గూటాలు కొట్టుకుంటూ పోయాం.
నవ్వొద్దు, నిజంగానే.
అది బలుసాకు మేసినచోట మేం నీళ్ళు తాగాం.
వాలుకి అడ్డంగా, ఎక్కీ ఎక్కనట్టు ఎక్కుతూ
రెండు బండల మధ్య అది మెడ తిప్పినచోటే
మా మూడో మలుపు.

లోపలి అంచు కాస్త ఎత్తు, బయటి అంచు కాస్త పల్లం.
నీళ్ళొస్తే రానీ,
అడ్డంగా దాటి పోనీ,
దోవ వెంట మాత్రం నడవనీయకు.
ఇంత చిన్న సంగతి తెలియడానికి
నాకు యాభై ఎనిమిదేళ్ళూ ఒక మేకా పట్టాయి.

ఇప్పుడు నెల్లూరు నించి పిల్లలొస్తారు,
కార్ల వెనక సైకిళ్ళు కట్టుకుని.
తొమ్మిది నిమిషాల్లో దిగిపోతారు.
మూడో మలుపు దగ్గర ఎవరూ ఆగరు.
ఆగకపోవడమే దాని పనితనం, అంటాడు గౌస్‌బాషా,
చెంచా కుదిరితే నోటికి పాయసమే తెలుస్తుంది,
చెక్క తెలీదు.

నిధి మాట మాత్రం ఊళ్ళోంచి పోలేదు.
ఎవరో ఇద్దరు (ఎవరో మాకు తెలుసు)
అమావాస్యకి వచ్చి సరిగ్గా మలుపులోనే తవ్వుతారు.
నిమ్మకాయలు, పసుపన్నం, రెండడుగుల గొయ్యి.
ఆదివారం మేం పూడ్చి దిమ్మిస కొడతాం.
కోయని నిమ్మకాయలు వెంగయ్య మజ్జిగలో పిండుతాడు,
ఇంతవరకూ ఏమీ కాలేదు.
గొయ్యి అంచులు ఎంత నున్నగా తీస్తారో!
వాళ్ళని కూడా పిలుద్దామంటుంది ఫర్జానా,
నాలుగో మలుపుకి మనుషులు చాలటం లేదు.

రాత్రి వాన పడితే నాకు నిద్ర పట్టదు.
రేకు మీద చప్పుడు వింటూ లెక్కేస్తాను,
ఎంతసేపు, ఎంత జోరు,
ఆకులు అడ్డంపడి కాలవ మూసుకుందేమో.
ఇంటామె గోడవైపు తిరిగి పడుకునే అంటుంది,
"పార తలుపు వెనకుంది.
టార్చి తీసుకుపో."