పలుపు

షాబా పోయిందని
సైకిల్ ట్యూబు తెచ్చిన పిల్లాడు చెప్పాడు.
బేసిన్‌లో ముంచిన ట్యూబు బుడగలు వదులుతూనే ఉంది,
చిల్లి ఎక్కడో చూడడం మానేశాను.
"నీకు సంతోషమేగా" అన్నాడు
టీ తాగుతున్న లారీ డ్రైవరు.
అతనికి నా సంగతి తెలుసు. ఊరందరికీ తెలుసు.

రుమురుతి పోలీసుల కుక్క అది.
స్వాహిలీలో షాబా అంటే రాగి. ఒళ్ళంతా ఆ రంగే.
చెవులు నేల ఊడ్చుకుంటూ నడిచేది.
ముడతల ముఖం,
పొద్దున్నే పరామర్శకి బయల్దేరినట్టు.

ఒక్క పెయ్యని తోలుకుపోయాను, అంతే.
పలుపు కోసిన కత్తి వాగులో పారేశాను.
మోకాలి లోతు నీళ్ళలో చాలా దూరం నడిచాను,
నీళ్ళకి జ్ఞాపకం ఉండదని మా మామ చెప్పేవాడు.
చచ్చిపోయిన మా అన్న బూట్లు తొడుక్కున్నాను.
పొగాకు పొడి చల్లాను.
పైగా ఆ రాత్రంతా వాన.

రెండో రోజు మధ్యాహ్నం
బొగ్గుల బట్టీ గుంటలో నక్కి ఉంటే
ఆకాశం ఉండాల్సిన చోట దాని ముక్కు.

కరవలేదు. మొరగలేదు.
నా అరచేతిని ఈ చివర నుంచి ఆ చివరకి వాసన చూసి
కూర్చుంది.
వీడే అని చెప్పడానికి దానికున్న మాట అదొక్కటే.

పలుపు రెండో కొస పట్టుకుని
కార్పొరల్ ఎల్కానా చెరుతిచ్, రొప్పుతూ.
ముందు దాని చెవి వెనక నిమిరి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు.
ఆ తర్వాతే బేడీలు తీశాడు.
టోపీ వెల్లకిలా పట్టి షాబాకి నీళ్ళు పోశాడు,
సీసా నా నోటికి అందించాడు,
అడుగున మిగిలిన గుక్క తను తాగాడు.

న్యేరి జైల్లో రెండేళ్ళు.
నిద్ర పట్టని రాత్రుళ్ళు లెక్క వేసేవాణ్ణి,
నా కోసం ఇరవై మూడు కిలోమీటర్లు నడిచినవాళ్ళు
ఇంకెవరున్నారని.
అమ్మ కోర్టు గేటు దాకా కూడా రాలేదు.
నేను వంగి ముల్లు తీసుకున్న చోటు,
భయానికి ఒంటికి పోసుకున్న చోటు,
పెయ్య మెడ వాటేసుకుని ఏడ్చిన చోటు,
అన్నీ చదువుకుంటూ వచ్చింది.
అంతా చదివి కూడా కరవలేదు.

ఇద్దరికీ ఒకే రోజు రిటైర్మెంటు.
ఎల్కానాకి గోడ గడియారం ఇచ్చారు.
షాబాని రిజిస్టరులో కొట్టేశారు,
పాత టైర్లకీ విరిగిన కుర్చీలకీ మధ్య వరసలో.
అతను షిల్లింగులు కట్టి రసీదు రాయించుకున్నాడట.

దాని నడుము పడిపోయాక
సైకిల్ వెనక పెట్టె బిగించమని నా కొట్టుకే వచ్చాడు.
వెల్డింగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మరి.
తలెత్తకుండా కొలతలు తీయడానికి వంగాను.

పొరలు కమ్మిన కళ్ళు. ఎండి పగిలిన ముక్కు.
అది నా అరచేతి దగ్గర ఆగింది.
గ్రీజునీ రబ్బరు సొల్యూషన్‌నీ జైలు సబ్బునీ తవ్వుకుంటూ
చాలాసేపు లోపలికి పోయింది.
వెనక కాళ్ళు వణుకుతుంటే
మెల్లగా
కూర్చుంది.

ఎల్కానా గొంతు సవరించుకున్నాడు.
"దీని లెక్క ఇంకా తప్పలేదు, లెకలైలే."
డబ్బు వద్దన్నాను.
నాణేలతో సహా లెక్కపెట్టి బెంచీ మీద పెట్టి పోయాడు.

మొక్కజొన్న చేను వెనక పాతిపెట్టాడని విన్నాను.
గుర్తుగా రాయి కూడా పెట్టలేదట.

పొద్దున్నే కొట్టు తెరిచే వేళకి కనబడుతున్నాడు,
వాగు వైపు వెళ్తూ. సైకిల్ లేదు.
పలుపు మణికట్టుకి రెండు చుట్లు.
ఇవాళ షట్టరు సగంలో వదిలేసి
వంద అడుగుల వెనకగా నడిచాను.
తడి మట్టిలో అతని బూటు గుర్తులు.
కుడి మడమ అరిగింది.
దారికి అడ్డం లేకపోయినా
ఎడమ పక్క కాస్త జాగా వదిలి నడుస్తున్నాడు.

వాగు వంపులో,
ఆ రాత్రి నేను నీళ్ళలోకి దిగిన చోట,
ఆగి
ఒక చుట్టు విప్పి
పలుపు వదులు చేశాడు.