అడుగు కాయ

దామలచెరువు మండీలో మా నాయన
బండి మీద పైకాయను ఏనాడూ ముట్టలేదు.
మోచేతి దాకా లోపలికి దించి
అడుగున నలిగిన తోతాపురి ఒకటి,
మూలన ఒకటి, నడుమ ఒకటి లాగి
కత్తితో కోసి, వాసన చూసి
బండెడు కాయకూ ఒకే మాట చెప్పేవాడు.
"పైన పేర్చిన కాయ మాట్లాడదుమ్మే,
నవ్వతాది, అంతే."

ముప్పై మూడేళ్ళకు యూనివర్సిటీ బెంచీ ఎక్కి
ఇరవయ్యొక్కేళ్ళ పిల్లల మధ్య
యాదృచ్ఛిక ప్రతిచయనం అని రాసుకుంటుంటే
నోటుపుస్తకం నిండా మామిడి సొన వాసన.

చెంగల్రాయులు సారు బోర్డు తుడిచి చెప్పాడు:
పది అంకెలున్నాయి, సగటు ముందే తెలుసు.
తొమ్మిదీ ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చు.
పదోదానికి ఆ వీల్లేదు,
మిగతావి ఎటు పోతే
దానికి ఎదురు బరువై నిలబడాల్సిందే.
క్లాసంతా తలూపింది.
నేను పెన్ను మూత పెట్టాను.
పన్నెండేళ్ళు పల్ప్ ఫ్యాక్టరీ ల్యాబులో
తీపి కొలిచిన జీతం.
ఒకరికి ఫీజు, ఒకరికి ఆటో కంతు, ఒకరికి కంటి ఆపరేషన్.
ఇంటి సగటు చెడకుండా
మిగిలిన అంకెను
నేనే.

కొర్లగుంటలో మూడో అంతస్తు గది.
కిటికీలో కొండ సగమే కనిపిస్తుంది,
మిగతా సగం నేను అంచనా వేసుకుంటాను.
రాత్రి రెండింటికి, ఒక్క కామా మరిచిన పాపానికి
కంప్యూటరు ఎర్రక్షరాలతో తిడుతుంటే
కింద రోడ్డు మీద బస్సులోంచి గోవిందలు.
వాళ్ళు ఎన్ని గంటలు నిలబడాలో
నాకు ఒక సమీకరణం తెలుసు.
ఎందుకు నిలబడతారో
ఏ సమీకరణమూ రాలేదు ఇంకా.

బోర్డు మాత్రం ముందే రాయించాను.
కె. మునికుమారి, ఇండిపెండెంట్ స్టాటిస్టీషియన్.
ఎమ్మెస్సీ అన్నచోట ఖాళీ,
ఇంకో సెమిస్టరుంది కదా.
పెయింటరు కుంచె ఆపి అడిగాడు:
"ఇండిపెండెంటా? ఏ వార్డుకు మేడం? గుర్తేంది?"
ఇంటావిడ కూతురు ఆ రెండో మాట సగం చదివి
కనుబొమలకు ఎంత తీసుకుంటావక్కా అంది.
ఆ పిల్లకు టీ ఇచ్చి పంపి
బోర్డును మంచం వెనక గోడకు తిప్పి పెట్టాను.

అయినా మొదటివాడు వచ్చాడు.
పీజీ డాక్టరు, థీసిస్ గడువు పదిరోజులు,
అరవై మంది రోగులు ఒక పెన్‌డ్రైవులో.
రెండు రాత్రులు కూర్చున్నాను.
సున్నా పాయింటు సున్నా ఏడు వచ్చింది.
"ఐదు కిందికి దించండి మేడం.
పదిహేడు, నలభై నాలుగు తీసేస్తే చాలు,
నేను చూశాను.
అమౌంటు మీరెంతంటే అంత."
గొంతు తగ్గించి, అరచెయ్యి బల్ల కింద పెట్టి.

మండీలో బేరం తువ్వాలు కిందే జరిగేది.
గుడ్డ మాటున వేళ్ళు వేళ్ళను పట్టుకునేవి,
ఎవరి ధర ఎంతో పక్కవాడికి తెలిసేది కాదు.
నాయన చెయ్యి తువ్వాలు కిందికి పోయేది, నిజమే.
కాయ కోసింది మాత్రం అందరి ముందే.

పదిహేడో వరస: పాకాల, ఆడమనిషి, యాభై ఎనిమిది.
నలభై నాలుగు: చంద్రగిరి, కూలి, నలభై ఒకటి.
ఇద్దరికీ మందు పనిచేయలేదు.
పనిచేయలేదని చెప్పడానికే
అంత దూరం బస్సెక్కి మళ్ళీ వచ్చినవాళ్ళు.

ఇద్దరూ ఉంటారు, ఏడే ఉంటుంది,
ఏడుతో కూడా థీసిస్ రాయొచ్చు, రాసి చూపిస్తానన్నాను.
ఆలోచించి చెప్తానన్నాడు.
మెట్ల మీద చెప్పుల చప్పుడు లెక్కపెట్టాను,
అలవాటు.

మళ్ళీ రాలేదు.
ఒకటో తారీఖు అద్దె ఎట్ట కట్టాలో తెలీదు.
బోర్డు తీసి ఇటు తిప్పి చూస్తే
స్టాటిస్టీషియన్‌లో ఒక దీర్ఘం ఎగిరిపోయి ఉంది.
దిద్దుదామని స్కెచ్ పెన్ను తీసి
మళ్ళీ లోపల పెట్టాను.
దోషం ఎంతుందో
పక్కనే చూపించాలని కదా చదువుకున్నది.